మరచెంబు మెడ

మా అమ్మ మరచెంబు మెడ లోపలికి వంగి వుండేదా, బయటికి వంగి వుండేదా?

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిదిన్నర వేళ, మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి నన్నడిగిన ప్రశ్న యిది. నేను తెలుగులో యం.ఏ. చదివినవాణ్ణి. ఇరవై యేళ్ళకు పైగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. ప్రబంధంలో పద్ధెనిమిది వర్ణనలు వుండాలనీ, అందులో నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, సూర్యోదయం వగైరాలు వస్తాయనీ ఏటా పిల్లలచేత వల్లె వేయిస్తాను. వేసవిలో విరహిణి ఒంటికి పూసిన గంధం ఎలా ఎండిపోయిందో గంటసేపు చెప్పగలను. అటువంటివాణ్ణి, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కళ్ళెదుట తిరిగిన ఇత్తడి చెంబు మెడ ఎటు వంగి వుండేదో చెప్పలేక నీళ్ళు నమిలాను.

"నాన్నగారూ, వున్నారా?" అన్నాడు వాడు.

"వున్నానురా," అన్నాను. ఆ సమాధానం ఒక్కటే నాకు నిశ్చయంగా తెలుసు.

చెంబు యింట్లో వుంటే లేచి చూసి చెప్పేవాణ్ణి. లేదు. మా అమ్మ 2016లో పోయింది. 2018లో మేము పెంకుటిల్లు వదిలి అపార్టుమెంటుకి మారాం. అపార్టుమెంటులో అటకలు వుంటాయి గాని, మనుషులు పట్టేవి కావు, గంగాళాలు పట్టేవీ కావు. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిన నాలుగు రోజుల్లో, పాత సామాన్లు కొంటామని కేక వేసుకుంటూ వచ్చిన బండివాడికి అటకమీద ఇత్తడంతా తూకానికి వేసేశాను. గంగాళం, రెండు బిందెలు, కంచాలు, వాటితోపాటు మరచెంబూ తక్కెట్లోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ తిరిగి వచ్చి చూసి, "ఆ చెంబొక్కటీ వుంచవలసింది," అంది. మళ్ళీ ఆ ప్రసక్తి ఎత్తలేదు. ఎత్తకపోవడంలో వుండే శిక్ష ఎటువంటిదో పెళ్ళైన మగవాళ్ళకి నేను చెప్పనక్కరలేదు.

మరచెంబంటే ఏమిటో తెలియని పిల్లలు ఇప్పుడు వున్నారు కాబట్టి ఒక మాట. ప్రయాణాల్లో మంచినీళ్ళు పట్టుకెళ్ళే ఇత్తడి చెంబది. మూతికి మర వుంటుంది. మూత తిప్పి బిగిస్తే తలకిందులు చేసినా చుక్క కారదు. లోపల కళాయి. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలెక్కిన ప్రతి సంసారంతోనూ అదీ ఎక్కేది.

ఇక మా అబ్బాయి సంగతి. వాడికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. మూడు సెమిస్టర్లు చదివాడు. 2023 వేసవిలో యింటికి వచ్చి, పెట్టె దింపకుండానే, "నేనిక వెళ్ళను. కంప్యూటరుతో బొమ్మలు తయారుచేసే చదువుంది, అది చదువుతాను," అన్నాడు.

"బొమ్మలు గీసుకుని బతుకుతావా?" అన్నాను. జీవితమంతా పద్యాలు చెప్పుకుని బతికినవాణ్ణి నేను! నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆ తర్వాత ఇంకొక మాట కూడా అన్నాను. అది ఇక్కడ రాయను. వాడు వెళ్ళిపోయాడు. ఫీజు మా ఆవిడ చీటీ పాడి కట్టింది, నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అప్పట్నుంచీ వాడు వాళ్ళమ్మకి ఫోను చేసేవాడు. "నాన్నగారు భోంచేశారా?" అని ఆవిణ్ణి అడిగేవాడు. "చేశారు," అని ఆవిడ చెప్పేది. పక్క కుర్చీలో కూర్చుని ఆ భోజనం చేసినవాణ్ణి నేను పేపరు చదువుతూ వుండేవాణ్ణి. ఏడాదిన్నర యిలా గడిచింది.

మధ్యలో దసరాకి వచ్చినప్పుడు వాడు ఒక కాగితాల కట్ట యింట్లో వదిలి వెళ్ళాడు. మరిచిపోయాడో, కావాలనే వదిలాడో అడగలేదు. శత్రువు బలాబలాలు తెలుసుకోవడం రాజనీతి గనుక, ఒక రాత్రి అందరూ పడుకున్నాక కట్ట విప్పాను. పక్కన నిఘంటువు పెట్టుకున్నాను. పదాలకు నిఘంటువు పనికివచ్చింది గాని విషయానికి పనికిరాలేదు. చివరికి మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారిని ఆశ్రయించాను. ఆయన పుణ్యాత్ముడు. టీ ఖర్చులు నావి అనే ఒడంబడిక మీద ఒక నెల్లాళ్ళు సాయంత్రాలు నాకు పాఠం చెప్పాడు.

ఆ కట్టలో మొదటిది ఈవాన్ సదర్లాండ్ అనే అమెరికావాడు 1963లో యం.ఐ.టి.కి సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం. పేరు స్కెచ్‌ప్యాడ్. ఈ సదర్లాండ్ 1938లో నెబ్రాస్కాలో పుట్టాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. బడిలో చదివే రోజుల్లోనే ఇతనికి సైమన్ అనే చిన్న రిలే కంప్యూటరు చేతికి దొరికింది. దానికి కూడికలు వచ్చు, అదీ చిన్న చిన్న అంకెలకి. భాగహారం రాదు. ఈ కుర్రవాడు కూర్చుని దానికి భాగహారం నేర్పాడు. ఆ పాఠం కాగితపు టేపుమీద ఎనిమిది అడుగుల పొడవు వచ్చిందట. అంతవరకు సైమన్‌కి అంత పొడుగు పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇతను యం.ఐ.టి.కి వచ్చేనాటికి కంప్యూటరంటే గదులు నిండిన యంత్రం. చిల్లులు పొడిచిన కార్డులు పెడితే అంకెల జాబితా కక్కేది. మనిషీ యంత్రమూ ఎదురుబొదురుగా కూర్చోవడమనేది చాలా కొద్దిచోట్ల తప్ప లేదు. లింకన్ లేబరేటరీలో టి.ఎక్స్.-2 అనే యంత్రానికి ఏడంగుళాల చదరపు తెర ఒకటి వుండేది. సదర్లాండ్ ఆ తెరమీద కాంతి కలం ఒకటి ఆనించి గీత గీశాడు. గీత గీయడం గొప్ప కాదు. నేను కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివిన భాగం దాని తర్వాత వస్తుంది. నాలుగు గీతలు వంకరటింకరగా గీసి, "ఇవి ఎదురెదురుగా సమాంతరంగా వుండాలి, పొడవులు సమానంగా వుండాలి," అని నియమం విధిస్తే, గీతలు తమంతట తామే సర్దుకుని ఆ నియమంలోకి వచ్చి నిలబడేవి. వృత్తంలో ఆరు బిందువులు ఎలాగో ఒకలా పెట్టి, భుజాలన్నీ సమానమని చెబితే చక్కని షట్కోణం తయారయ్యేది. ఒక మూలరూపం గీసి దానికి వంద నకళ్ళు తీశాక, మూలంలో చిన్న మార్పు చేస్తే వంద నకళ్ళూ మారేవి.

"ఇది ఛందస్సండీ!" అన్నాను ఫిజిక్సాయనతో. ఆయన టీ గ్లాసు దించి నావంక అనుమానంగా చూశాడు. నిజం చెబుతున్నాను. ఉత్పలమాల రాసే కుర్రవాడు మొదట మాటలు ఎలాగో పడేస్తాడు. ఇక్కడ యతి కుదరాలి, ఇక్కడ ప్రాస పడాలి, గణం యిదీ అని నియమం వుంది. నియమానికి తగినట్టు మాటలు జరుగుతాయి, వంగుతాయి, చోటు మార్చుకుంటాయి. తేడా అల్లా, పద్యంలో జరిపే బాధ కుర్రవాడిది, స్కెచ్‌ప్యాడ్‌లో యంత్రానిది. ఆ వ్యాసంలో ఇంజనీరింగు బొమ్మల మధ్య కన్నుగీటే అమ్మాయి బొమ్మ కూడా ఒకటి వుంది. యంత్రాన్ని పట్టుకుని పాతికేళ్ళయినా నిండనివాడు ఇంకేం గీస్తాడు!

ఇన్ని కొత్త సంగతులు ఒక్కడివే, ఒక్క వ్యాసంలో ఎలా చేయగలిగావని తర్వాతి రోజుల్లో ఆలన్ కే అనే శాస్త్రజ్ఞుడు అడిగితే, అవి కష్టమైనవని తనకు తెలియదని సదర్లాండ్ జవాబు చెప్పాడట. మా అబ్బాయి ఈ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నాడు. ఆ గీత చూసి నేను చాలాసేపు కాగితం తిప్పలేదు. కష్టమని వాడికి మొట్టమొదట చెప్పినవాణ్ణి నేనే కదా.

ఇతను ఇరవై ఆరో యేట, 1964లో, అమెరికా రక్షణశాఖవారి పరిశోధనా సంస్థలో కంప్యూటర్ల విభాగానికి అధిపతి అయ్యాడు. తర్వాత హార్వర్డులో ఆచార్యుడు. 1968లో తలకు తగిలించుకునే తెర ఒకటి చేశాడు. తల తిప్పితే ఎదుటి బొమ్మ కూడా నిజం వస్తువులాగే వేరే పక్క చూపించేది. ఆ పరికరానికి లోకప్పు నుంచి ఒక కడ్డీ వేలాడుతూ వుండేదట. ఈ రోజుల్లో పిల్లలు కళ్ళకు డబ్బాలు కట్టుకుని గదిలో తడుములాడుతూ ఆడే ఆటలకి ముత్తాత అది.

అదే యేడు యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళి డేవిడ్ ఎవాన్స్ అనే ఆయనతో కలిసి కంపెనీ పెట్టాడు, అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలూ చెప్పాడు. అధ్యాపకుణ్ణి గనుక ఇక్కడ నాకు కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకుంటాను. ఆ శాఖలో ఆ పదేళ్ళలో చదివినవాళ్ళ పేర్లు చూడండి: జాన్ వార్నాక్, తర్వాత అడోబీ సంస్థ స్థాపకుల్లో ఒకడు. జిమ్ క్లార్క్, సిలికాన్ గ్రాఫిక్స్ స్థాపకుడు. ఎడ్ కాట్మల్, పిక్సార్ స్థాపకుల్లో ఒకడు. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ, పూర్తిగా కంప్యూటరుతో తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా, ఆ సంస్థదే. ఒక్క కాలేజీలో, ఒక్క వరండాలో! మా వరండాలో కూడా ప్రతిభావంతులు నడిచే వుంటారు. మనం హాజరు పట్టీ చూస్తూ వుంటాం.

కాని నన్ను నిజంగా పట్టుకున్నది ఈ పేర్లు కావు. వాళ్ళు బొమ్మ కట్టడానికి ఎంచుకున్న వస్తువులు.

యంత్రానికి వస్తువంటే తెలియదు. ప్రతి బిందువూ ఎంత అడ్డంగా, ఎంత నిలువుగా, ఎంత లోతుగా వుందో మూడేసి అంకెలు యివ్వాలి. ఆ బిందువులు కలిపితే చిన్న చిన్న పలకలు ఏర్పడతాయి. ఆ పలకలన్నీ కలిసి వస్తువు. సరే, ఏ వస్తువు? 1972లో సదర్లాండ్ శిష్యులు ఆయన భార్య మార్షా గారి ఫోక్స్‌వాగెన్ కారు మీద పడ్డారు. కారు నిండా గీతలు గీసి, కొలబద్దలు పట్టుకుని, బిందువు తర్వాత బిందువు కొలిచి రాసుకున్నారు. అంతకు ముందు యేడు, పలకలు పలకలుగా కనపడే మొహాన్ని నున్నగా చూపే ఉపాయం కనిపెట్టిన ఫ్రెంచివాడు హెన్రీ గూరో, తన భార్య సిల్వీ మొహంమీదే గీతలు గీసి ఫొటోలు తీశాడు. కాట్మల్ మాత్రం భార్య జోలికి పోకుండా తన ఎడమ చేతికే ప్లాస్టరు పోసి అచ్చు తీసుకున్నాడు. 1972లో అతనూ ఫ్రెడ్ పార్క్ కలిసి దాన్ని తెరమీద వేళ్ళు ముడిచేలా చేశారు. ఇక మార్టిన్ న్యూయెల్ అనే ఇంగ్లీషు కుర్రవాడు ఏ వస్తువు చెయ్యాలా అని సతమతమవుతూ వుంటే, టీ తాగే వేళ ఆయన భార్య సాండ్రా, ఈ టీ సామానే చెయ్యరాదా అందట. ఆయన కాగితం తీసుకుని ఎదుట వున్న టీ పాత్ర గీశాడు. తర్వాత ఆ టీ పాత్ర లోకమంతా పాకింది. కొత్త పద్ధతి కనిపెట్టిన ప్రతివాడూ దానిమీదే ప్రయోగించి చూశాడు. మొదట ఆయన యిచ్చిన అంకెల్లో ఆ పాత్రకి అడుగు లేదు! బల్లమీద పెట్టేదానికి అడుగు ఎవరు చూస్తారు అనుకున్నాడు కాబోలు. అసలు పాత్ర ఇప్పుడు కాలిఫోర్నియాలో కంప్యూటర్ల చరిత్ర మ్యూజియంలో వుంది. తెరమీద పాత్రకంటే అది కాస్త పొడుగు కూడాను.

ఈ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది.

"భార్య కారు, భార్య మొహం, భార్య టీ పాత్ర," అని వేళ్ళమీద లెక్కపెట్టింది. "ఇంతకీ పేరు ఎవరికి వచ్చింది?"

"పేర్లు రాశారుగా! మార్షా, సిల్వీ, సాండ్రా."

"రాశారులెండి. ఆ కారు మళ్ళీ తుడిచి యిచ్చారా?"

ఆ విషయం పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఒక పేరు దగ్గర మాత్రం ఆవిడ ఈనెలు తీయడం ఆపింది. బుయ్ తూంగ్ ఫాంగ్ అనే అతను హనోయిలో పుట్టి, యూటాకి వచ్చి చదివాడు. వాళ్ళదీ మనలాగే ఇంటిపేరు ముందు, బుయ్ ఇంటిపేరు. శాస్త్రలోకం మాత్రం అతన్ని ఫాంగ్ అనే పిలిచింది. గూరో పద్ధతిలో వస్తువు నున్నగా వుండేది గాని, మెరుపు సరిగా పడేది కాదు. పలక మూలల్లో వెలుగెంతో లెక్కకట్టి మధ్యలో సర్దేస్తారు; మెరుపు పలక మధ్యలో పడితే మాయమైపోతుంది. ఫాంగ్ వెలుగును కాకుండా, పలక ఎటు తిరిగి వుందనే దిక్కును మధ్యలో సర్దాడు. అప్పుడు ప్రతి చుక్క దగ్గరా వెలుగు విడిగా లెక్కకు వస్తుంది, మెరుపు వుండవలసినచోట వుంటుంది. తోమిన ఇత్తడి చెంబు పొట్టమీద కిటికీ వెలుగు తెల్లగా చుక్కలాగా నిలుస్తుందే, అది. 1973లో థీసిసు, 1975లో పత్రిక వ్యాసం. ఆ 1975లోనే అతను లుకేమియాతో పోయాడు. ముప్పై రెండేళ్ళు.

"పిల్లలున్నారా?" అంది మా ఆవిడ. నేను కాగితం తిప్పాను.

సదర్లాండ్ మాట పూర్తి చేసి మా చెంబు దగ్గరికి వస్తాను. అతను 1974లో యిద్దరు సహచరులతో కలిసి ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఎదుటి వస్తువు వెనకటి వస్తువును ఎలా దాచాలి అనే చిక్కుకి అప్పటికి పది పద్ధతులు వున్నాయి. పదింటినీ పరిశీలించి, అన్నిటి సారమూ వస్తువుల్ని వరుసక్రమంలో పెట్టడమేనని తేల్చాడు. కాలేజీ వార్షికోత్సవం గ్రూపు ఫొటో తీసేవాడికి ఈ రహస్యం ఎప్పట్నుంచో తెలుసు. ఆ తర్వాత ఇతను బొమ్మల రంగం నుంచి మెల్లగా తప్పుకున్నాడు! కంప్యూటరు బొమ్మలకి తండ్రి అని లోకం అంటూ వుంటే, తను కాల్టెక్‌లో చిప్పుల తయారీమీద పడ్డాడు, ఆరు కాళ్ళతో నడిచే యంత్రం చేశాడు. 1988 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమానం యిస్తే, ఆ సందర్భంగా వెలువరించిన ఉపన్యాసం బొమ్మల గురించి కాదు. గడియారం లేకుండా నడిచే ఎలక్ట్రానిక్ వలయాల గురించి చెప్పుకొచ్చాడు. మామూలు చిప్పులో ఒక గడియారం కొడుతూ వుంటుంది, దాని దెబ్బకి అన్ని భాగాలూ ఒక్కసారి కదులుతాయి. మా కాలేజీ గంటలాగా అన్నమాట. మా గంటకి ఎవరూ కదలరు, అది వేరే సంగతి. గడియారం లేని పద్ధతి ఇళ్ళకి స్లాబు వేసేచోట చూడవచ్చు. కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందిస్తారు. ఈలలు లేవు, గంటలు లేవు. నా చేతిలో తట్ట వుంది, పక్కవాడి చేతులు ఖాళీగా వున్నాయి, అందించాను. అంతే. డెబ్బై దాటాక, 2009లో, పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భార్య మార్లీ రాంకెన్‌తో కలిసి ఈ ఒక్క విషయానికే పరిశోధనా కేంద్రం పెట్టాడు. 2012లో జపానువారు క్యోటో బహుమానం యిచ్చారు. పేరు తెచ్చిన పనిని నలభై యేళ్ళు నిండకుండానే వదిలి, పేరు తెస్తుందో లేదో తెలియని పని పట్టుకున్నవాడు. మా వాడు కూడా వదిలింది మూడు సెమిస్టర్లే.

ఇదంతా చదివినట్టు మా అబ్బాయికి నేను చెప్పలేదు. కట్ట ఎక్కడ వుండేదో అక్కడే పెట్టాను.

ఫిబ్రవరిలో ఆ రాత్రి వాడు ఫోను చేసినప్పుడు వాళ్ళమ్మే ఎత్తింది. పరీక్షకి ఒక ఇంటి వస్తువు చెయ్యాలట. నానమ్మ మరచెంబు చేస్తానని మాస్టార్లతో చెప్పేశాడట. ఫొటో ఒక్కటి కూడా లేదు. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మీ అమ్మగారి చెంబు. మీరే చెప్పండి," అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళినట్టు నటించింది అనాలి. తలుపు వార వుంది.

"ఎత్తెంత వుండేది, నాన్నగారూ?"

"జానెడు వుంటుందిరా."

"ఎవరి జానెడు? మీదా, నానమ్మదా?"

ఇరవై యేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్ను యింత మంచి ప్రశ్న అడగలేదు. అమ్మ చెంబు పక్కన చెయ్యి పెట్టి చూపించడం నాకు గుర్తుంది. కాబట్టి అమ్మ జానెడే. అమ్మ చెయ్యి చిన్నది. ఎంత చిన్నది? అప్పుడు మా ఆవిడ తలుపు వార నుంచి, "అత్తయ్యవీ నావీ ఒకే కొలత గాజులు," అంది. స్కేలు తెచ్చాం. మా ఆవిడ జాన పద్ధెనిమిది సెంటీమీటర్లు వచ్చింది.

"మెడ, నాన్నగారూ? లోపలికి వంగి వుండేదా, బయటికా?"

ఇదిగో, ఇక్కడే నేను నీళ్ళు నమిలింది. కళ్ళు మూసుకుంటే చెంబు కనిపిస్తోంది. పసుపుపచ్చగా, పొట్టగా, రైలు బల్లమీద కదలకుండా కూర్చుని వుంది. మెడ దగ్గరికి చూపు తీసుకువెళితే అక్కడ అమ్మ చెయ్యి అడ్డం వస్తోంది. చెయ్యి తీయదు. లోపలికి అందామనుకున్నాను, కాదనిపించింది. బయటికి అందామనుకున్నాను, అదీ కాదు.

మా ఆవిడ వచ్చి ఫోను అందుకుంది. "ఎటూ వంగదురా. నిలువుగా వుంటుంది. మర వున్న మెడ వంగితే మూత ఎలా తిరుగుతుంది?"

నేనూ వాడూ ఒక్కసారే "అవును కదా!" అన్నాం. ఏడాదిన్నర తర్వాత మేమిద్దరం ఏకీభవించిన మొదటి విషయం అది.

"వెడల్పు కూడా చెబుతాను రాసుకో," అంది ఆవిడ. "చింతపండు పెట్టి తోమేటప్పుడు నా బంగారు గాజులు తీసి ఆ మెడకి తొడిగేదాన్ని. సరిగ్గా పట్టి కూర్చునేవి. రెండూ నాలుగు సైజు."

రెండూ నాలుగంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, రెండుంపావు అంగుళాలు. యూటాలో కొలబద్దలతో కొలిచినవాళ్ళు కూడా ఇంత కచ్చితంగా చెప్పి వుండరు. పోయిన మనిషి, పోయిన చెంబు. కొలత మాత్రం మా ఆవిడ చేతికి వుంది.

"మర ఎన్ని చుట్లు?" అన్నాడు.

"మూడు!" అని నేను అరిచాను. ఇది నాకు తెలుసు. చిన్నప్పుడు రైల్లో దాహం అంటే అమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకుని మూత తిప్పేది. ఒకటి, రెండు, మూడు. మూడో చుట్టులో కీచుమని చిన్న చప్పుడు అయ్యేది. ఆ చప్పుడు అయితే నీళ్ళు వచ్చినట్టే. గోదావరి వంతెన మీద రైలు చప్పుడులో కూడా నాకు అది వినపడేది. ఆ మాట వాడికి చెప్పాను. తర్వాత అమ్మ గ్లాసులో పోయకుండా మూతలోనే నీళ్ళు పోసేదని చెప్పాను. ఆ నీళ్ళకి ఇత్తడి వాసన వుండేదని చెప్పాను. వాడు కొలతలు అడగడం మానేసి వింటున్నాడు. ఆ రాత్రి నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.

చివర్లో, "ఆ కాగితాల కట్ట చూశారా?" అన్నాడు.

"ఫాంగ్ పద్ధతిలో చెయ్యరా, మెరుపు బాగా వస్తుంది," అన్నాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇప్పుడు ఇంకా మంచివి వచ్చాయి నాన్నగారూ," అన్నాడు మెల్లగా. "అయినా మొదట అదే నేర్పారు."

పది రోజులకి బొమ్మ పంపించాడు. మా ఆవిడా నేనూ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. చెంబు నెమ్మదిగా తనచుట్టూ తాను తిరుగుతోంది. పొట్టమీద కిటికీ వెలుగు. మర మూడు చుట్లు. అడుగు కూడా వుంది. నేను ప్రత్యేకంగా అడిగి చూపించుకున్నాను. ఎంత బాగుందంటే, నాకు ఏదో వెలితిగా అనిపించింది. అదేమిటో చెప్పలేకపోయాను.

"కొత్త చెంబులా వుందిరా," అంది మా ఆవిడ ఫోనులో. "నొక్కు ఏదీ?"

అవును, నొక్కు! పొట్టకి ఎడం పక్క నొక్కు వుండేది. అమ్మ ఎప్పుడూ ఆ పక్కని గోడవైపు తిప్పి పెట్టేది. రైల్లో పైబెర్తు మీంచి పడిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట నేనే వందసార్లు విన్నాను.

"రైల్లో పడింది కదూ," అన్నాను.

మా ఆవిడ నా వంక చూడలేదు. "పెళ్ళయిన నెలకి నూతి పళ్ళెం మీద నేనే పడేశాను," అంది. "పుట్టింటినుంచి తెచ్చుకున్న చెంబు ఆవిడది. ఏడుస్తూ నిలబడ్డాను. అత్తయ్య తీసి చూసి, ఇటు గోడవైపు తిప్పి పెట్టింది. సాయంత్రం మీరు కాలేజీ నుంచి వచ్చాక అడిగితే, మొన్న రైల్లో పడిందిరా అంది."

ఫోనులో మా వాడు ఒక్క క్షణం ఆగాడు.

"ఎంత లోతు వుండేదమ్మా?"

మా ఆవిడ బొటనవేలు ముందుకు చాపి, అక్కడ లేని చెంబు పొట్టమీద ఆనించి మెల్లగా నొక్కింది. "ఇంత," అంది. వాడికి కనిపించదని తర్వాత గుర్తుకు వచ్చి, నన్ను స్కేలు తెమ్మంది.